చూశాను కొట్టిన చెయ్యి

ఆ ఆసుపత్రి మూడో అంతస్తు వార్డులో ఒక తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళిద్దరూ నర్సులుగా పనిచేసేవారు. నర్సును అందరూ సిస్టర్ అనే పిలుస్తారు కాబట్టి వీళ్ళు ఇంట్లోనూ సిస్టర్లే, వార్డులోనూ సిస్టర్లే. ఎవరిని పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియక రోగులు తికమక పడుతుంటే, ఎవరో పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్ అని విడగొట్టారు. పెద్ద సిస్టర్‌కు నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోవడానికి ఖాళీ దొరకలేదు. తండ్రి పోయాక చెల్లెల్ని చదివించింది, నర్సింగులో చేర్పించింది, తన వార్డులోనే ఉద్యోగం వేయించింది, పెళ్ళి కూడా చేసింది. మరిది డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పేవాడు. తల్లి, పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్, మరిది, వాళ్ళ పాప, అందరూ మూడు గదుల ఇంట్లో కలిసే ఉండేవారు. ఇంత చేసిన మనిషికి ఆ ఇంట్లో మర్యాద ఉండి తీరాలి కదా అంటారా? ఉండేది. ఒంటి మీద యూనిఫాం ఉన్నన్నాళ్ళూ ఉండేది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందులు ఒక్క నర్సు ఇవ్వకూడదు. ఒకరు సిరంజిలోకి ఎక్కిస్తే, రెండోవారు డాక్టరు రాసింది చదివి, సీసా చూసి, సిరంజిలో అంకె చూసి, అప్పుడు చార్టులో ఒక గడిలో సంతకం పెట్టాలి. ఆ గడి పైన అచ్చులో ఒకే మాట ఉంటుంది: చూశాను. పద్ధతి పెట్టినవాళ్ళు బుద్ధిమంతులే. కాకపోతే ముప్పై నాలుగు మంచాలకు ఇద్దరు నర్సులను పెట్టింది కూడా వాళ్ళే.

అందుకని ఏళ్ళు గడిచేసరికి ఆ వార్డులో ‘చూశాను’ అనేది చేసే పని కాకుండా పోయి, కొట్టే ముద్ర అయింది. “సిస్టర్, ఒక చూశాను కొట్టు” అంటే “ఇదిగో” అని కొట్టేవారు. “పొద్దుట్నుంచి పదకొండు చూశాన్లు కొట్టాను, కళ్ళు మాత్రం తెరవలేదు” అని టీ తాగుతూ నవ్వుకునేవారు. మేట్రన్‌కు తెలుసు. డాక్టర్లకు తెలుసు. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు కాబట్టి ఎవరి పిడికిలీ బరువెక్కలేదు.

పంతొమ్మిదో మంచం మీద ఒక గడియారాల మెకానిక్ ఉండేవాడు. యాభై ఏళ్ళవాడు. షుగరు వల్ల కాలి పుండు మానక చేరాడు. మంచం మీద కూర్చునే నర్సుల చేతి గడియారాలు విప్పి బాగుచేసి పెట్టేవాడు. ఒకరోజు డాక్టరు అతనికి ఆరు యూనిట్ల ఇన్సులిన్ రాశాడు. ఆరు అంకె వేసి పక్కన ఇంగ్లీషు యు అక్షరం పెట్టాడు. ఆయన చేతిరాతలో యు పైన మూతి మూసుకుపోయి అచ్చం సున్నాలా ఉంటుంది. చిన్న సిస్టర్ దాన్ని అరవై అని చదివింది. అరవై ఎక్కించింది, ఇచ్చేసింది. సిరంజి సూదుల డబ్బాలో పడేసింది. ఆ తర్వాత చార్టు పట్టుకుని ఏడో మంచం దగ్గరకు వచ్చింది.

ఏడో మంచం మీద మనిషికి పొట్ట ఆపరేషన్ కుట్లు ఊడి రక్తం కారుతోంది. పెద్ద సిస్టర్ ఎడమచేత్తో దూది ఒత్తిపట్టుకుని నిలబడి ఉంది.

“ఇచ్చేశానక్కా. ఒక చూశాను కొట్టు” అంది చిన్న సిస్టర్.

పెద్ద సిస్టర్ కుడిచేతి గ్లవ్ లాగేసి సంతకం పెట్టింది. అలవాటు కొద్దీ సంతకం పక్కన టైము కూడా వేసింది. అంకె చూడలేదు. చూడాలన్నా అక్కడ సిరంజి లేదు.

రెండు గంటలయ్యాక గడియారాల మెకానిక్ ఒళ్ళంతా చెమటతో తడిసి, పళ్ళు కరుచుకుని కొట్టుకుంటూ కనబడ్డాడు. ప్రాణం దక్కింది, బుర్ర దక్కలేదు. ఇసుక రేణువంత మరను పట్టకారుతో ఎత్తి బిగించిన మనిషి, ఆ తర్వాత తన చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. భార్యను చూసి “ఎవరమ్మా మీరు” అని మర్యాదగా అడిగేవాడు. ఆ మర్యాదే ఆవిణ్ణి చంపేది.

విచారణకు నర్సింగ్ కౌన్సిల్ నుంచి పిలుపు వచ్చింది. నర్సుల సంఘం కార్యదర్శి ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. “ఇద్దరూ చూశామనండి. ఇద్దరం అంకె తప్పు చదివామనండి. పొరపాటుకు చిన్న శిక్షతో పోతుంది. చూడకుండా సంతకం పెట్టానన్నారో, అది దొంగ సంతకం. లైసెన్సు మీద దెబ్బ పడుతుంది.”

తల్లి వేరే పాఠం చెప్పింది. “అక్కడ ఏమన్నా చెప్పుకో. చెల్లెలి పేరు మాత్రం ఎత్తకు. దానికి సంసారం ఉంది. నీకేముంది?”

కన్నతల్లి అన్న మాట అది. నీకేముంది అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కూర తరగడానికి వెళ్ళిపోయింది.

కౌన్సిల్ గదిలో వెనక వరసలో గడియారాల మెకానిక్ భార్య కూర్చుని ఉంది. పెద్ద సిస్టర్ సంఘం వాడు నేర్పిన మాటే అందామని లేచింది. “చూశారా?” అని అడిగారు. లేస్తూ వెనక ఆవిడ ముఖం చూసింది, ఇక అబద్ధం నోటికి రాలేదు. “చూడలేదండీ” అంది. అంతవరకే చెప్పింది. చెల్లెలు సూది అప్పటికే వేసేసిందన్న మాట మింగేసింది. చెల్లెలి వంతు వచ్చింది. “అక్కకు సిరంజి చూపించానండీ. సరే అంది” అని చెప్పింది.

అంకె తప్పు చదివినందుకు చిన్న సిస్టర్‌కు ఒక హెచ్చరిక, మూడు వారాల శిక్షణ. చూపించినా చూడకుండా దొంగ సంతకం పెట్టినందుకు పెద్ద సిస్టర్ లైసెన్సు రెండేళ్ళు సస్పెండు. నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు చెప్పారు. అన్నాళ్ళు నిలబడేవాళ్ళకు కాళ్ళు పీకుతాయన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మెట్ల మీద చిన్న సిస్టర్ అక్కను పట్టుకుని ఏడ్చింది. “నోట్లోంచి వచ్చేసిందక్కా. నన్ను క్షమించు. రెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయి.” ఆ ఏడుపు నిజమైనదే. ఆ రోజు వరకూ అది నిజమైనదే.

లైసెన్సు లేని నర్సుకు నర్సు పని ఎవరిస్తారు? మేట్రన్ జాలిపడి ఆసుపత్రి బట్టల గదిలో పెట్టించింది. కింది అంతస్తులో, కిటికీ లేని గది. ఉడికిన దుప్పట్లు మడతపెట్టడం, చిరిగినవి వేరుచేయడం, తోపుడు బండిలో పెట్టుకుని వార్డులకు చేర్చడం. పదిహేడేళ్ళు తను ఏలిన వార్డులోకి ఇప్పుడు బండి తోసుకుంటూ వెళ్ళేది. పాత రోగులు “సిస్టర్” అని పిలిస్తే “సిస్టర్ని కాదండీ, దుప్పట్లు తెచ్చాను” అనాల్సి వచ్చేది. ఏమని పిలవాలో తెలియక పనివాళ్ళు కొన్నాళ్ళు ఏమీ పిలవలేదు. తర్వాత దుప్పట్లమ్మ అన్నారు.

ఒకరోజు ఒక ముసలాయన చేతికి సెలైను ఎక్కుతోంది. సూది నరం తప్పింది, నీరంతా చర్మం కిందకు పోయి చెయ్యి బుడగలా ఉబ్బుతోంది. దుప్పటి మార్చడానికి వెళ్ళిన పెద్ద సిస్టర్ చూసింది. గొట్టానికున్న చిన్న చక్రం ఒక్కసారి తిప్పితే ఆగిపోతుంది, అర నిమిషం పని. కానీ రోగిని ముట్టుకుంటే లైసెన్సు ఇక ఎప్పటికీ రాదని కాగితం మీద రాయించుకున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని “సిస్టర్, సిస్టర్” అని కేకలు పెట్టింది.

“నొప్పమ్మా, తీసెయ్యమ్మా” అన్నాడు ముసలాయన.

“నేను తియ్యకూడదు తాతా.”

“చేతుల్లేవా నీకు?”

చిన్న సిస్టర్ తాపీగా వచ్చింది. చక్రం తిప్పింది, సూది తీసింది. తర్వాత ఆరుగురు రోగులు వింటుండగా అక్కతో అంది: “వార్డులో అరవకు. నీ పని దుప్పట్లు. రోగుల సంగతి మేం చూసుకుంటాం.”

అప్పటికి ఏడాది దాటింది. చిన్న సిస్టర్ శిక్షణ బాగా చేసిందని వార్డు ఇన్‌ఛార్జిని చేశారు. చేసిన తప్పు నుంచి నేర్చుకున్న ఆదర్శ నర్సు అని కొత్తపిల్లలకు క్లాసులు కూడా చెప్పించారు. ఆ క్లాసుల్లో ఆమె తన కథే చెప్పేది. “నేను అంకె తప్పు చదివాను. అందుకే రెండో మనిషి ఉండేది. చూపించాను. ఆమె చూసి ఉంటే ఆ గడియారాలాయన ఇవాళ దుకాణంలో ఉండేవాడు.” మొదట్లో ఈ మాట దగ్గర గొంతు తడబడేది. చెప్పగా చెప్పగా తడబాటు పోయింది. ఇంకొన్నాళ్ళు చెప్పగా, ఏడో మంచం పక్కన తను సిరంజి ఎత్తి పట్టుకున్నట్టు, అక్క తల ఊపినట్టు కళ్ళకు కనబడటం మొదలైంది. అబద్ధం ఆడేవాళ్ళతో వేగవచ్చు. దాన్ని నమ్మేసినవాళ్ళతో వేగడం ఎవరి తరమూ కాదు.

ఇంట్లో పెద్ద సిస్టర్ అందరి బట్టలూ ఇస్త్రీ చేసేది. చెల్లెలి తెల్ల యూనిఫాం కూడా చేసేది. “ఎలాగూ బట్టల డిపార్టుమెంటే కదా వదినా” అని మరిది ఒకరోజు సరసమాడాడు. వదినా అని పిలిచి మరీ ఆడాడు. తల్లి నవ్వింది. పాప ఎందుకో తెలియక నవ్వింది. పెద్ద సిస్టర్ కూడా నవ్వింది, నవ్వకపోతే ముఖం ముడుచుకుందంటారని.

అయినా ఓర్చుకుంది. ఎందుకంటే తేదీ ఉంది. రెండేళ్ళు నిండగానే లైసెన్సు వస్తుంది, మళ్ళీ మంచం పక్కన నిలబడుతుంది. ఆ ఒక్క ఆశతో వారానికి రెండు రోజులు కౌన్సిల్ పెట్టిన క్లాసుకు వెళ్ళి, తనకు కూతుళ్ళుంటే ఆ వయసుండే పిల్లల పక్కన కూర్చుని, తను వాళ్ళకు నేర్పాల్సిన పాఠాలు వాళ్ళతో పాటు రాసుకుంది. పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నెలలు దగ్గరపడ్డాక తెలిసింది, లైసెన్సు దానంతటది రాదు. దరఖాస్తు పెట్టాలి, మళ్ళీ విచారణ జరగాలి. పనిచేసిన వార్డు ఇన్‌ఛార్జి రాసిన అభిప్రాయం జతచేయాలి. ఇన్‌ఛార్జి చెల్లెలే.

“అదెంత పని, రాస్తాను” అంది చిన్న సిస్టర్. నాలుగు రోజులు తిప్పించుకుని ఇచ్చింది. పెద్ద సిస్టర్ బట్టల గదిలో నిలబడి చదువుకుంది. ‘కష్టజీవి. సమయపాలన ఉంది. అయితే చూపించిన దానిని చూడని అలవాటు ఆమెకు ఉండేది. ఇప్పుడు మారి ఉండవచ్చు. మరికొంత కాలం వేచి చూడటం మంచిది.’

సాయంత్రం అడిగింది. “ఇలా రాశావేంటే?”

“మంచిగానే రాశాను కదక్కా. మారి ఉండవచ్చు అని కూడా రాశాను. ఉన్నమాట రాయకపోతే నా ఉద్యోగం మీదికి రాదూ?”

తల్లి మధ్యలో అందుకుంది. “అదేమన్నా అబద్ధం రాసిందా? అది చూపించింది కదే. కాస్త కళ్ళు తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయేది?”

పెద్ద సిస్టర్ తల్లి ముఖం వంక చూసింది. చెల్లెలి పేరు ఎత్తకు అన్న మనిషే ఈవిడ. ఎందుకు ఎత్తకూడదో అప్పుడు తెలిసే అంది. ఇప్పుడు ఆ తెలిసినదాన్ని కూడా తుడిచేసుకుని కూర్చుంది. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ ఒకే కథ. తను మోసిన బరువు ఎవరి కోసం మోసిందో వాళ్ళకే గుర్తులేదు. ఆ క్షణం ఆమెకు తన వాళ్ళ మీద పుట్టినది కోపం కూడా కాదు, రోత.

విచారణ రోజు కౌన్సిల్ అధ్యక్షురాలు కొత్తావిడ. నలభై ఏళ్ళు వార్డుల్లో తిరిగి రిటైరైన నర్సు. ఆ అభిప్రాయం కాగితం ఎత్తి చూపిస్తూ అడిగింది. “చూపించినా చూడలేదు మీరు. మీ ఇన్‌ఛార్జి ఇంకా ఆగమంటోంది. మీ చేతికి మళ్ళీ సిరంజి ఎందుకివ్వాలో చెప్పండి.”

“చూపించలేదండీ” అంది పెద్ద సిస్టర్.

అధ్యక్షురాలు కాగితం కింద పెట్టింది.

“మా చెల్లెలు నా దగ్గరకు వచ్చేసరికే సూది వేసేసింది. ఇచ్చేశానక్కా, చూశాను కొట్టు అంది. కొట్టాను. నా తప్పు నాకు ఉంది. చూపించిందన్నది మాత్రం అబద్ధం.”

“సాక్ష్యం?”

“చార్టులో ఉందండీ. సూది వేసిన టైము దాని చేతిరాతతో ఏడూ పది. నా సంతకం పక్కన టైము నా చేతిరాతతో ఏడూ ఇరవై ఐదు. వేసిన పావుగంటకు ఏం చూపిస్తుంది?”

అధ్యక్షురాలు పాత ఫైలు తెప్పించింది. చార్టు నకలు అందులోనే ఉంది. మొదటి విచారణలో ఐదుగురు సభ్యులు ఆ కాగితం మూల మీద ‘పరిశీలించడమైనది’ అని సంతకాలు చేసి ఉన్నారు. అంటే వాళ్ళూ చూశాను కొట్టారన్నమాట. ఆ ఐదుగురి లైసెన్సుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

“రెండేళ్ళు ఎందుకు దాచారు?” అని అడిగింది అధ్యక్షురాలు.

“చెల్లెలు కాబట్టి.”

“ఇప్పుడెందుకు చెబుతున్నారు?”

“నాకు లైసెన్సు కావాలి కాబట్టి” అంది పెద్ద సిస్టర్. ఇంకా అందమైన జవాబు ఏదన్నా ఉందేమోనని వెతుక్కోలేదు.

బయట వరండాలో గడియారాల మెకానిక్ భార్య ఎదురొచ్చింది. విచారణ ఉందని ఆవిడకూ ఉత్తరం వెళ్ళింది. వెనక వరసలో కూర్చుని అంతా విన్నది. మనిషి సగానికి సగం చిక్కిపోయి ఉంది.

“నువ్వొక్కదానివే నిజం చెప్పావని రెండేళ్ళు నిన్ను తిట్టుకోలేదమ్మా” అంది. “ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ అదే వార్డులో ఎంతమందికి సూదులు వేసిందో లెక్క తెలుసా నీకు? వాళ్ళెవరూ నీకు చెల్లెళ్ళు కారు కాబట్టి ఊరుకున్నావు.”

ఆవిడ జవాబు కోసం రాలేదు. పన్నెండింటికల్లా మొగుడికి ముద్దలు కలిపి తినిపించాలని బస్సు కోసం పరుగెత్తింది.

మూడు వారాల తర్వాత రెండు ఉత్తరాలు ఒకే రోజు ఒకే ఇంటికి వచ్చాయి. పెద్ద సిస్టర్ లైసెన్సు పునరుద్ధరించడమైనది. విచారణలో అబద్ధం చెప్పినందుకు చిన్న సిస్టర్ లైసెన్సు నాలుగేళ్ళు సస్పెండు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో తెలుపవలెను.

చిన్న సిస్టర్ వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. తిడుతుందనుకుంది పెద్ద సిస్టర్. తిడితే బాగుండేది, నాలుగు తను కూడా తిట్టి ఉండేది. తిట్టలేదు.

“నేను చూపించానక్కా” అంది, చిన్నపిల్ల చెప్పినట్టు. “నువ్వు ఎడమచేత్తో దూది పట్టుకుని ఉన్నావు. నేను సిరంజి ఇలా పైకెత్తాను. నువ్వు తల ఊపావు. నీకు గుర్తులేదా?”

ఆ కళ్ళలో ఎక్కడా దొంగతనం లేదు. అబద్ధం చెప్పిన చెల్లెలు ఎప్పుడో వెళ్ళిపోయింది. శిక్ష పడింది ఇంకొక మనిషికి, తను నిజమే చెప్పానని ఒట్టుపెట్టుకుని ఏడవగల మనిషికి. పెద్ద సిస్టర్ రెండేళ్ళుగా ఈ రోజు చెల్లెలి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ దుప్పట్లు మడతపెట్టింది. ఊహించుకున్న ముఖం దొరకలేదు.

“ముప్పై రోజులు గడువుందక్కా. నాకు సరిగ్గా గుర్తులేదు, చూపించిందేమో అని ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క. పాప చదువుకుంటోంది కదా.”

“అలా రాస్తే నాది పోతుంది.”

“నీకు అలవాటైపోయింది కదక్కా.”

ఎగతాళిగా అనలేదు. బతిమాలుతూనే అంది. పెద్ద సిస్టర్ ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మర్నాటి నుంచి తల్లి ఆమెకు కంచం పెట్టడం మానేసింది. “నీ లైసెన్సు ఉందిగా, అది తిను” అంది ఒకే ఒక్కసారి. ఆ తర్వాత మాట్లాడటం కూడా మానేసింది. మరిది ఎదురుపడితే గోడ వైపు తిరిగేవాడు. పాపను పెద్దమ్మ గదిలోకి పోవద్దన్నారు. చిన్న సిస్టర్ మాత్రం రోజూ పొద్దున్నే ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అక్క మంచం మీద పెట్టి వెళ్ళేది. పోట్లాడేది కాదు, అరిచేది కాదు. సాయంత్రం వచ్చి ఆ ఖాళీ కాగితం తీసుకెళ్ళేది. ఇరవై రోజులు దాటాక, ఒక మధ్యాహ్నం పెద్ద సిస్టర్ ఆ పెన్ను చేతిలోకి తీసుకుంది. ‘అయ్యా’ అని రాసింది. ఆ వార్డు, ముప్పై నాలుగు మంచాలు, తెల్లారగానే ఫినాయిలు వాసన, “సిస్టర్” అన్న పిలుపు, అన్నీ గుర్తొచ్చాయి. కాగితం చింపేసింది.

ముప్పయ్యో రోజు కూడా గడిచింది. ముప్పై ఒకటో రోజు కాగితం రాలేదు. గోడ అవతల చెల్లెలు ఏడుస్తోంది, తల్లి ఓదారుస్తోంది. “ఊరుకోవే, అది మనిషి కాదు” అంటోంది, ఇవతలికి వినబడేలా. పెద్ద సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఆ మాట పూర్తిగా విన్నది. వార్డులో మళ్ళీ చేరే రోజు అది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది, జుట్టు బిగించి ముడి వేసుకుంది, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వీధి మలుపు తిరిగాక ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు. ఆకలేసింది. ఆసుపత్రి ఎదురుగా బడ్డీలో వేడి టీ, రెండు బన్నులు కొనుక్కుని నిలబడే తిన్నది. చాలా రోజుల తర్వాత తిండి రుచిగా ఉంది. అంత రుచిగా ఉన్నందుకు తన మీద తనకే భయం వేసి, మూడో బన్ను అడిగింది.